ఏడాదికో సూది ఎందుకు?
ఎక్కువ రకాలను ఆపే, ఎక్కువ కాలం నిలిచే ఫ్లూ టీకా కోసం జరుగుతున్న కృషి

హజ్‌కు బయలుదేరే పెద్దలు టీకాల శిబిరానికి వెళ్లివచ్చాక తరచుగా ఒక మాట అడుగుతుంటారు. మెనింజైటిస్ టీకా ఒకసారి వేస్తే ఆ సర్టిఫికెట్ కొన్నేళ్లపాటు చెల్లుతుంది. అరవై అయిదేళ్లు దాటినవారికి వేసే ఫ్లూ టీకాకు మాత్రం ఏడాదే గడువు. మళ్లీ ఏడాది మళ్లీ సూది. "చిన్నప్పుడు వేసిన మశూచి టీకా మచ్చ ఇంకా చేతిమీద ఉంది, దాని పని అయిపోయింది. ఈ ఫ్లూకి మాత్రం ఏటేటా ఎందుకు పంతులుగారూ?" అన్నది వారి సందేహం.

ప్రశ్న చిన్నదే గాని, ప్రపంచంలోని పెద్ద పెద్ద ప్రయోగశాలలు దశాబ్దాలుగా కుస్తీ పడుతున్నది దీనితోనే. ఒకసారి వేస్తే అనేక రకాల ఫ్లూ వైరస్‌లను, అనేక సంవత్సరాలపాటు ఆపగల టీకా సాధ్యమేనా? దానికి మనం ఎంత దూరంలో ఉన్నాం? అది వచ్చేదాకా మనవంటి సేవాసంస్థలు చేయవలసిందేమిటి? దాతలకు, పెద్దలకు సలాములతో, బడిలో పిల్లలకు చెప్పే పద్ధతిలోనే ఈ సంగతులు చెప్పే ప్రయత్నం చేస్తాము.

జలుబు వేరు, ఫ్లూ వేరు

ముక్కు కారి రెండు రోజుల్లో తగ్గిపోయే పడిశాన్ని కూడా మనవాళ్లు ఫ్లూ అనేస్తారు. అసలు ఫ్లూ, అంటే ఇన్‌ఫ్లుయెంజా, అలా ఉండదు. ఉన్నట్టుండి అధిక జ్వరం, ఒళ్లంతా విరిచేసినట్టు నొప్పులు, పొడి దగ్గు, లేవలేనంత నీరసం. ఎక్కువమంది వారం రోజుల్లో కోలుకుంటారు. ముసలివారికి, గర్భిణులకు, చంటిపిల్లలకు, షుగరు, ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారికి మాత్రం అది న్యుమోనియాగా మారి ప్రాణం మీదికి రావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ఫ్లూ వల్ల వచ్చే శ్వాసకోశ వ్యాధులతో ఏటా 2 లక్షల 90 వేల నుంచి 6 లక్షల 50 వేల మంది చనిపోతున్నారు. 1918లో వచ్చిన మహమ్మారిలో ఒక్క మన దేశంలోనే కోటిమందికి పైగా మరణించారు.

అప్పటికి ఆ జబ్బు వైరస్ వల్ల వస్తుందని ఎవరికీ తెలియదు. మనుషుల ఫ్లూ వైరస్‌ను 1933లో లండన్‌లో కనుగొన్నారు. 1940లలో అమెరికాలో టీకా తయారైంది. అందరూ సంతోషించారు. 1947 వచ్చేసరికి అదే టీకా పనిచేయలేదు. టీకా చెడిపోలేదు, వైరస్ మారిపోయింది. అప్పటినుంచి ఇప్పటిదాకా జరుగుతున్న కథంతా ఇదే.

తాటిచెట్టు పాఠం

ఫ్లూ వైరస్ గుండ్రని బంతిలా ఉంటుందనుకుంటే, దాని ఒంటినిండా ముళ్లలాంటి ప్రోటీన్లు పొడుచుకుని ఉంటాయి. వాటిలో రెండు రకాలు ముఖ్యం. ఒకటి హీమాగ్లుటినిన్, రెండోది న్యూరామినిడేజ్. హెచ్1ఎన్1, హెచ్3ఎన్2 అని మనం వినే పేర్లలోని హెచ్, ఎన్ ఇవే. హీమాగ్లుటినిన్ సాయంతో వైరస్ మన గొంతులోని, ఊపిరితిత్తుల్లోని కణాలకు అతుక్కుని లోపలికి దూరుతుంది. లోపల పుట్టిన కొత్త వైరస్‌లు బయటపడటానికి న్యూరామినిడేజ్ దారి చేస్తుంది.

హీమాగ్లుటినిన్ ఆకారం పిల్లలకు చెప్పాలంటే మన పొలం గట్లమీద తాటిచెట్టును చూపితే చాలు. పైన గుబురుగా తల, కింద నిటారుగా మాను. మన శరీరంలోని రక్షకదళానికి ముందుగా కళ్లపడేది ఆ తలే. అందుకే మనలో తయారయ్యే యాంటీబాడీల్లో ఎక్కువ భాగం తలనే పట్టుకుంటాయి. ఆ తలను గట్టిగా పట్టుకుంటే వైరస్ కణానికి అతుక్కోలేదు, జబ్బు రాదు.

చిక్కు ఎక్కడంటే, ఆ తల ఏటేటా మారుతుంటుంది. ఫ్లూ వైరస్ తన జన్యు సమాచారాన్ని నకలు తీసుకునేటప్పుడు తప్పులు దిద్దుకోదు. రబ్బరు లేకుండా నోట్సు ఎక్కించే పిల్లవాడిలా తప్పుమీద తప్పు చేస్తూ పోతుంది. అలా తల రూపం కొద్దికొద్దిగా మారి, కొన్నాళ్లకు పాత యాంటీబాడీలు గుర్తుపట్టలేనంత తేడా వస్తుంది. మాను మాత్రం పెద్దగా మారదు. అది మారితే వైరస్ బతకడమే కష్టం.

ఇంకో సంగతి. ఈ వైరస్ జన్యు సమాచారం ఎనిమిది ముక్కలుగా ఉంటుంది, ఎనిమిది నోటు పుస్తకాల్లాగా. పక్షుల వైరస్, మనుషుల వైరస్ ఒకే పంది ఒంట్లో చేరాయనుకోండి, ఆ పుస్తకాలు కలగాపులగమై పూర్తిగా కొత్త వైరస్ పుట్టవచ్చు. అప్పుడు తల కొద్దిగా కాదు, మొత్తంగా మారిపోతుంది. 1957, 1968, 2009 మహమ్మారులు ఇలా ముక్కలు కలిసి పుట్టిన కొత్త వైరస్‌ల వల్ల వచ్చినవే.

ఏటేటా పరుగుపందెం

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఏటా రెండుసార్లు కూర్చుంటారు. ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి, రాబోయే కాలంలో ఏ రకాలు తిరుగుతాయో అంచనా వేసి టీకాలో ఏవి ఉండాలో చెబుతారు. తరువాత ఎక్కువ కంపెనీలు కోడిగుడ్లలో ఆ వైరస్‌లను పెంచి, చంపి, శుద్ధిచేసి టీకా తయారుచేస్తాయి. దీనికి దాదాపు ఆరు నెలలు పడుతుంది. ఆ ఆరు నెలల్లో వైరస్ ఊరుకుంటుందా? అంచనా బాగా కుదిరిన ఏడాది టీకా వేయించుకున్నవారిలో డాక్టరు దగ్గరికి వెళ్లవలసినంత ఫ్లూ 40 నుంచి 60 శాతం తగ్గుతుంది. అంచనా తప్పిన 2014-15 సీజన్‌లో అమెరికాలో ఆ రక్షణ 19 శాతమే.

ఇది చదివి టీకా దండగ అనుకోరాదు. సగం రక్షణ అన్నా, ఆసుపత్రి పాలయ్యే ముప్పు తగ్గడం అన్నా చిన్న సంగతులు కావు. కాని ఇంతకంటె మేలైనది కావాలన్నది వైద్యులందరూ ఒప్పుకునే మాట. 2018లో అమెరికా జాతీయ అలర్జీ, అంటువ్యాధుల సంస్థ ఒక లక్ష్యం పెట్టుకుంది. సార్వత్రిక ఫ్లూ టీకా కనీసం 75 శాతం రక్షణ ఇవ్వాలి, ఇన్‌ఫ్లుయెంజా-ఎ లోని రెండు గుంపులనూ ఆపాలి, కనీసం ఏడాది, వీలైతే అనేక సంవత్సరాలు నిలవాలి, అన్ని వయసులవారికీ పనికిరావాలి.

2009 నేర్పిన పాఠం

2009 మే నెలలో అమెరికా నుంచి వచ్చిన ఒక ప్రయాణికుడిలో మన దేశంలోనే మొదటి స్వైన్‌ఫ్లూ కేసు బయటపడింది హైదరాబాద్‌లో. తరువాత ముక్కుకు గుడ్డలు కట్టుకుని తిరిగిన రోజులు, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి, గాంధీ ఆసుపత్రి పేర్లు పత్రికల్లో రోజూ కనిపించిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. 2010లో హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ సంస్థ కోడిగుడ్లతో పనిలేకుండా కణాల్లో పెంచిన హెచ్1ఎన్1 టీకాను హెచ్ఎన్‌వ్యాక్ పేరుతో తెచ్చింది.

ఆ మహమ్మారిలోనే శాస్త్రజ్ఞులకు ఒక ఆశ కనిపించింది. ఆ ఆశ వెనుక ఉన్నవారిలో మన హైదరాబాద్ చదువు చదివిన మనిషి ఒకరున్నారు. ఆయన పేరు రఫీ అహ్మద్. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1968లో బి.ఎస్సీ. పూర్తిచేసి, అమెరికా వెళ్లి, 1981లో హార్వర్డ్‌లో డాక్టరేటు పొందారు. అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో టీకాల పరిశోధనా కేంద్రానికి నాయకత్వం వహించారు. శరీరం ఒక జబ్బును ఎలా గుర్తుంచుకుంటుంది, ఎంతకాలం గుర్తుంచుకుంటుంది అన్నదే ఆయన జీవితకాల పరిశోధన.

2009 వైరస్ సోకి కోలుకుంటున్న కొద్దిమంది రోగుల రక్తాన్ని ఆయన, షికాగోలోని పాట్రిక్ విల్సన్, వారి సహచరులు పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించారు. మామూలు టీకా తరువాత అరుదుగా కనిపించే యాంటీబాడీలు వీరిలో ఎక్కువగా కనిపించాయి. అవి ఒక్క రకాన్ని కాక అనేక రకాల ఫ్లూ వైరస్‌లను పట్టుకోగలవు. వాటిలో కొన్ని పట్టుకున్నది తలను కాదు, మానును.

ఎందుకిలా జరిగింది? 2009 వైరస్ తల మనుషులకు బొత్తిగా కొత్త. శరీరానికి ఆ తల గుర్తు లేదు. పాత ఫ్లూలలోనూ దీనిలోనూ ఒకే పోలికతో ఉన్నది మాను వంటి మారని భాగమే. కాబట్టి శరీరంలో నిద్రపోతున్న మాను జ్ఞాపకం లేచింది. అంటే మానును పట్టుకునే శక్తి మన అందరిలో కొద్దిగా ఉంది, తల అడ్డం రావడం వల్ల అది పైకి రావడం లేదు.

తల మార్చి, మాను నిలిపి

ఈ సూత్రం మీదనే న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ వైద్యకళాశాలలో పీటర్ పాలేసే, ఫ్లోరియన్ క్రామర్, అడాల్ఫో గార్సియా-సాస్త్రే బృందం ఒక ఉపాయం పన్నింది. మనుషులు ఎన్నడూ చూడని పక్షి వైరస్ తలను తెచ్చి, మనకు తెలిసిన మాను మీద అంటుగట్టారు. మామిడికి అంటుగట్టినట్టే. రెండో మోతాదులో మరో కొత్త తల, మాను మాత్రం అదే. శరీరం రెండుసార్లూ గుర్తుపట్టేది మానునే కాబట్టి దానిమీదే పట్టు బిగిస్తుంది. మనుషులపై జరిగిన తొలిదశ పరీక్షల ఫలితాలు 2020లో వెలువడ్డాయి. మానును పట్టుకునే యాంటీబాడీలు పెరిగాయి, కనీసం 18 నెలలు నిలిచాయి.

అమెరికా ప్రభుత్వ పరిశోధకులు ఇంకో దారి పట్టారు. తలను పూర్తిగా తీసేసి మానును మాత్రమే అతిసూక్ష్మమైన గోళాల మీద నాటి టీకాగా ఇచ్చి చూశారు. అలాగే ఒకే గోళం మీద నాలుగు రకాల హీమాగ్లుటినిన్‌లను పక్కపక్కన నాటే పద్ధతి కూడా ఉంది. నాలుగు రకాలను ఒకేచోట చూసిన రక్షకకణాలు వాటన్నిటిలో ఉమ్మడిగా ఉన్న పోలికను పట్టుకుంటాయన్నది వారి ఆశ. దీనిని 2021లో మనుషులపై పరీక్షించడం మొదలుపెట్టారు.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో స్కాట్ హెన్స్‌లీ బృందం 2022లో మరో అడుగు వేసింది. కొవిడ్ కాలంలో పేరు విన్న ఎంఆర్ఎన్ఏ పద్ధతిలో, తెలిసిన 20 రకాల ఫ్లూ హీమాగ్లుటినిన్‌లను ఒకే టీకాలో పెట్టి ఎలుకల్లో, ఫెరెట్ అనే ముంగిస వంటి జంతువుల్లో పరీక్షించింది. టీకాలో సరిగ్గా అదే రకం లేకపోయినా ఆ జంతువులు ప్రాణాంతకమైన జబ్బు నుంచి బయటపడ్డాయి. అయితే జంతువుల్లో నెగ్గినదంతా మనుషుల్లో నెగ్గుతుందని హామీ లేదు.

ముక్కులో వేసే టీకా మీద కూడా పని సాగుతోంది. అమెరికాలోని ఫ్లూజెన్ సంస్థ ఒక ముఖ్యమైన జన్యువును తొలగించిన ఫ్లూ వైరస్‌ను తయారుచేసింది. అది కణంలోకి ఒక్కసారి దూరుతుంది, కాని బయటికి వచ్చి వ్యాపించలేదు. శరీరానికి పాఠం మాత్రం అందుతుంది. 2020 ఏప్రిల్‌లో ఇదే వైరస్ మీద ఆధారపడి కొవిడ్ టీకా తయారుచేయడానికి భారత్ బయోటెక్ ఆ సంస్థతోను, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంతోను చేతులు కలిపింది. కొత్తరకం ఫ్లూ టీకాల పరిజ్ఞానం మన గడపదాకా వచ్చిందనడానికి ఇది గుర్తు.

జ్ఞాపకం ఎంతకాలం?

ఎక్కువ రకాలను ఆపడం సగం పని. ఎక్కువ కాలం నిలవడం మిగతా సగం. ఇక్కడా రఫీ అహ్మద్ పరిశోధనలే దారి చూపుతాయి. మశూచి టీకా వేసుకున్నవారిలో యాభై ఏళ్లు గడిచినా ఆ జ్ఞాపకకణాలు రక్తంలో ఉన్నాయని 2003లో ఆయన బృందం చూపింది. మనం మొదట చెప్పుకున్న చేతిమీద మచ్చ వెనుక ఉన్న రహస్యం అది.

మరి ఫ్లూ టీకా? యాంటీబాడీలను తయారుచేసే కణాలు కొన్ని ఎముకల మూలుగలో స్థిరపడి, బావిలో ఊటలాగా ఏళ్ల తరబడి యాంటీబాడీలను ఊరుస్తుంటాయి. ఎమరీ పరిశోధకులు ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద సేవకుల మూలుగను టీకాకు ముందు, టీకా వేసిన నెలకు, ఏడాదికి తీసి పరీక్షించారు. ఫలితాలు 2020లో వచ్చాయి. టీకా వేసిన నెలకు అటువంటి కణాలు పెరిగాయి. ఏడాది తిరిగేసరికి ఆ కొత్త కణాల్లో చాలావరకు కనిపించలేదు. ఊట పుట్టింది, ఎండిపోయింది. కాబట్టి వైరస్ మారకపోయినా నేటి టీకా రక్షణ తగ్గిపోతుంది. పెద్దల ప్రశ్నకు ఇదీ పూర్తి జవాబు. ఒక పక్క వైరస్ వేషం మారుస్తుంది, మరో పక్క మన జ్ఞాపకం ఆరిపోతుంది. అందుకే ఏడాదికో సూది. రక్షకదళాన్ని బలంగా తట్టిలేపే సహాయక ద్రవ్యాలను టీకాలో కలిపి ఆ ఊట నిలిచేలా చేయవచ్చా అన్నది ఇప్పటి పరిశోధన.

తోవలో ముళ్లు

ఇదంతా రేపో మాపో చేతికి వస్తుందని చెప్పడం నిజాయితీ కాదు. ఇజ్రాయెల్‌లోని బయోండ్‌వ్యాక్స్ సంస్థ ఎం-001 అనే సార్వత్రిక టీకాను తూర్పు యూరప్‌లో పన్నెండు వేలమందికి పైగా పరీక్షించింది. 2020 అక్టోబరులో ఫలితం వచ్చింది. ఉత్తి సూదికీ దానికీ తేడా లేదు. మానును పట్టుకునే యాంటీబాడీలకు కూడా ఒక లోపం ఉంది. తలను పట్టుకున్నవి వైరస్‌ను వాకిట్లోనే ఆపుతాయి. మానును పట్టుకున్నవి చాలావరకు లోపలికి వచ్చాక పనిచేస్తాయి. జబ్బు తీవ్రత తగ్గవచ్చు గాని, జబ్బు అసలే రాకుండా ఆపగలవా అన్నది పెద్ద పరీక్షల్లో తేలాలి.

అయినా ఈ కృషి ఎందుకు ఆగరాదో తెలియడానికి దూరం వెళ్లనక్కర లేదు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లకు పక్షుల ఫ్లూ వచ్చింది. 2025 మార్చిలో మరణించిన పల్నాడు జిల్లా పసిబిడ్డకు హెచ్5ఎన్1 సోకిందని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షల్లో తేలింది. ఆ వైరస్ మనిషి నుంచి మనిషికి సులభంగా అంటుకోవడం నేర్చుకుంటే, కొత్త టీకా తయారీకి పట్టే నెలలు చాలా ఖరీదైనవి అవుతాయి. అన్ని రకాలకూ పనికివచ్చే టీకా ముందే చేతిలో ఉంటే ఆ భయం తగ్గుతుంది.

మన గ్రామానికి దీనితో పనేమిటి?

ప్రభుత్వం పిల్లలకు ఉచితంగా వేసే టీకాల పట్టికలో ఫ్లూ టీకా లేదు. ప్రైవేటులో ఒక మోతాదు వెయ్యి రూపాయలకు పైనే. చెరుకుపల్లి మండలంలో వ్యవసాయ కూలి చేసుకునే కుటుంబానికి దానిపైన తెనాలికో గుంటూరుకో బస్సు ఖర్చు, ఒకరోజు కూలి నష్టం. ఇది ఒకసారి అయితే ఎవరో ఒక దాత భరిస్తారు. ఏటేటా అంటే దాత చెయ్యి కూడా వెనక్కి పోతుంది. అయిదేళ్లు నిలిచే టీకా వచ్చిందనుకోండి, నేడు ఇరవైమందికి సరిపోయే వార్షిక చందా అప్పుడు ధర ఇదే ఉంటే నూరుమందిని కాపాడుతుంది. నూతన టీకా పరిశోధన పేదల సంగతి కావడం ఇక్కడే.

అది వచ్చేదాకా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మన దేశంలో ఫ్లూ జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానాకాలం తరువాత ఒకసారి ఎక్కువగా కనిపిస్తుంది. వానలకు ముందే మన పరిధిలోని నిరుపేద ఇళ్లలో షుగరు, ఉబ్బసం, గుండెజబ్బు ఉన్న పెద్దల జాబితా రాసుకుని, డాక్టరు సలహాతో ఆ కొద్దిమందికైనా నేటి టీకా వేయించవచ్చు. ఊరందరికీ వేయలేమని ఎవరికీ వేయకుండా ఉండటం కంటె ముప్పు ఎక్కువ ఉన్న పదిమందికి వేయడం మేలు.

టీకాలో పంది జెలటిన్ ఉంటుందా అని కొందరు సంకోచిస్తారు. సూదితో వేసే ఫ్లూ టీకాల్లో ఎక్కువ వాటిలో జెలటిన్ ఉండదు. ముక్కులో చల్లే ఫ్లూమిస్ట్ వంటి వాటిలో ఉంటుంది. రసాయనికంగా పూర్తిగా మారిపోయిన జెలటిన్ విషయమై 1995లో ఇస్లామిక్ వైద్యశాస్త్రాల సంస్థ సదస్సులో పండితులు అనుమతించే అభిప్రాయం వెలిబుచ్చారు. అయినా సందేహమున్నవారు పెట్టె మీది వివరాలు చదివించుకుని, తాము నమ్మే ఆలిమ్‌ను, డాక్టరును అడిగి నిర్ణయించుకోవడం మంచిది. సంకోచంతో ఊరకుండిపోవడం మాత్రం మంచిది కాదు.

చివరిగా ఉపాధ్యాయులుగా ఒక మనవి. మూలుగలో ఆరిపోయే ఊటను కనిపెట్టిన పరిశోధన ఉస్మానియాలో ఒక బి.ఎస్సీ. చదువుతో మొదలైంది. మన ఆడపిల్లలు, మగపిల్లలు ఇంటర్‌లో జీవశాస్త్రం చదివి, ఎంబీబీఎస్ సీటు రాకపోతే చదువే దండగ అనుకుని ఆగిపోతున్నారు. బి.ఎస్సీ., ఎం.ఎస్సీ. మైక్రోబయాలజీ చదివే ఒకరిద్దరికి ఫీజు కట్టే దాత దొరికితే, హైదరాబాద్ టీకా సంస్థల్లో, పరిశోధనశాలల్లో వారికి దారి ఉంది. ఈ ఏడాది విరాళాలు పంచుకునేటప్పుడు పెద్దల సూదికి కొంత, పిల్లల చదువుకు కొంత కేటాయించవలసిందిగా మా విన్నపం.